మీకు తెలుసా? పండ్ల మార్కెట్‌లో పాట అంటే రెండు

ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు ఎప్పుడైనా వెళ్లారా? విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటాక మార్కెట్ ఇంకా కనబడకముందే మామిడి వాసన ఎదురొస్తుంది. లోపల వరసగా డీసీఎం వ్యాన్లు, ట్యూబ్‌లైట్ల కింద బేనిషాన్ కుప్పలు, గడ్డి పరిచిన పెట్టెలు, తలకు తువ్వాలు చుట్టుకున్న హమాలీలు. మా తమ్ముడికి చైతన్యపురిలో పండ్ల దుకాణం ఉంది. మొన్న మే నెలలో వాడితో పాటు నేనూ వెళ్లాను. వాడు సరుకు చూస్తుంటే నేను ఒక డీసీఎం పక్కన ఆగిపోయాను. క్యాబిన్‌లోంచి ‘సితార’ పాట వస్తోంది. ఎస్.జానకి పాడిన గోదారి వెన్నెల పాట. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వింటున్న డ్రైవర్‌కు ఇరవై మూడేళ్లకు మించి ఉండవు. సినిమా వచ్చింది 1984లో. అంటే ఆ అబ్బాయి పుట్టడానికి సుమారు రెండు దశాబ్దాల ముందు.

ఈసారి ‘మీకు తెలుసా?’ మొత్తం ఆ పాట చుట్టూనే. ఎనభైల పాటలంటే నాకెంత ఇష్టమో, ఆ ఇష్టం ఎక్కడ మొదలైందో చెప్పుకునే వీలు ఇన్నాళ్లకు దొరికింది.

• మార్కెట్‌లో వేలం అనే మాట కాగితాల మీద ఉంటుందే గానీ నోట్లో ఉండదు. నోటికొచ్చేది ‘పాట’. కుప్ప పాటకొచ్చింది అంటారు. పాట ఎంతదాకా పోయిందని అడుగుతారు. ఫలానా ఆయన పాడుకున్నాడంటే సరుకు ఆయనదైందని. రాగం, తాళం లేకపోయినా అదీ గొంతెత్తి పలికేదే కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుంటాను. మా నాన్న గడ్డిఅన్నారం మార్కెట్‌లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర గుమస్తా. పొద్దున పాట పాడించేవాడు, మధ్యాహ్నం తక్‌పట్టీలు, అంటే రైతుల సరుకు లెక్క చీటీలు రాసేవాడు, సాయంత్రం టేప్ రికార్డర్‌లో పాటలు వినేవాడు. చిన్నప్పుడు బడిలో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే “పాట పాడిస్తాడు” అని చెప్పేదాన్ని. మా నాన్న సినిమాల్లో ఉన్నాడని రెండు మూడు నెలల పాటు క్లాసంతా నమ్మింది.

• కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మొదలైంది 1986లో. అంతకుముందు ఈ వ్యాపారమంతా నగరం నడిబొడ్డున మొజంజాహి మార్కెట్ చుట్టుపక్కల జరిగేది. అక్కడ లారీలు తిరగడానికి చోటు చాలక ఊరికి తూర్పున, సుమారు 22 ఎకరాల్లో కొత్త మార్కెట్ కట్టారు. అప్పటికి అది ఊరి చివర. ముప్పై ఐదేళ్లు తిరిగేసరికి ఊరు పెరిగి మార్కెట్‌ను చుట్టేసింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య లారీలకు మళ్లీ దారి లేదు. 2021-22లో మార్కెట్ బాటసింగారానికి తరలింది. పాత షెడ్లు కూల్చేశారు, ఆ స్థలాన్ని టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. విజయవాడ రోడ్డు అప్పట్లో తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదో నంబరు. రోడ్డు మాత్రం అదే. మార్కెట్ దాని వెంబడే ఇంకొంత తూర్పుకు జరిగింది.

• ఆ 1986 ఎలాంటి ఏడాదో చూడండి. నా మటుకు నాకు తెలుగు పాటకు అంత నిండైన సంవత్సరం ఇంకోటి లేదు. ఒకవైపు ‘స్వాతిముత్యం’, ఇళయరాజా. మరోవైపు ‘సిరివెన్నెల’, కె.వి.మహదేవన్. ఇంకోవైపు ‘సింహాసనం’: తొలి తెలుగు 70 ఎంఎం చిత్రం, హీరో కృష్ణ మొదటిసారి దర్శకత్వం వహించింది, బొంబాయి నుంచి బప్పీ లహరిని తెలుగులోకి తెచ్చింది. ఒకే ఏడాది, ఒకే కాసెట్ దుకాణంలో, పక్కపక్కనే శాస్త్రీయ రాగమూ ఉంది, డిస్కో దరువూ ఉంది. రెండూ ఒకే మనిషి కొనుక్కెళ్లేవాడు. నాన్న అలాంటి మనిషే.

‘సిరివెన్నెల’లో కథానాయకుడు చూపులేని వేణుగాన విద్వాంసుడు. తెర మీద సర్వదమన్ బెనర్జీ వేళ్లు కదుపుతుంటే వినిపించే వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. ఈ సంగతి చాలామందికి తెలుసు. అన్ని పాటలూ రాసిన కవి అంతకుముందు ‘భరణి’ అనే కలంపేరుతో రాసేవారు, టెలిఫోన్ శాఖలో ఉద్యోగం. సినిమా పేరే ఆయన ఇంటిపేరు అయిపోయింది. సిరివెన్నెల సీతారామశాస్త్రి. సినిమాలో నటించిన వాళ్లకు సినిమా పేరు తగిలించడం మనకు అలవాటే. పాట రాసినవాడికి అలా అతుక్కుని, చివరిదాకా ఆయన్నే ఆ పేరుతో పిలవడం మాత్రం అరుదు.

• ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. దర్శకుడు కె.విశ్వనాథ్ కన్నుమూసింది 2023లో, అదే ఫిబ్రవరి 2న. ఆ సినిమాలో పాటలకు జాతీయ పురస్కారం అందుకున్న వాణీ జయరాం మరో రెండు రోజులకే, ఫిబ్రవరి 4న వెళ్లిపోయారు. ఆ వారం మా ఇంట్లో టీవీ పెట్టలేదు. అల్మారాలోంచి కాసెట్ల పెట్టె కిందికి దించాం.

• ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి గాయకుడిగా ఆరు జాతీయ పురస్కారాలు, నాలుగు భాషల్లో. ఆరింటిలో మూడు తెలుగువే: ‘శంకరాభరణం’, ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’. మూడూ పదేళ్ల లోపే. సంగీత దర్శకుల లెక్క తీసినా ఇంతే. 1979 నుంచి 1988 వరకు సినిమాలకిచ్చిన జాతీయ పురస్కారాల్లో ఉత్తమ సంగీతం నాలుగుసార్లు తెలుగు సినిమాకు వచ్చింది. ‘శంకరాభరణం’కు మహదేవన్, ‘మేఘసందేశం’కు రమేశ్ నాయుడు, ‘సాగరసంగమం’కూ ‘రుద్రవీణ’కూ ఇళయరాజా. గాయనుల వరుస చూస్తే వాణీ జయరాం, సుశీల, జానకి. ముగ్గురూ తెలుగు పాటతోనే ఆ పదేళ్లలో పురస్కారం తెచ్చారు. ఎనభైలంటే మనసు అటే పోతుందని మా తరాన్ని పిల్లలు దెప్పుతుంటారు. మాది ప్రేమే, కాదనను. కానీ లెక్కా మా వైపే ఉంది.

• ‘మేఘసందేశం’లో కొన్ని పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి. ఆయన 1980లోనే వెళ్లిపోయారు, సినిమా వచ్చింది 1982లో. అంతకన్నా గుండె పట్టేసే సంగతి: అనారోగ్యంతో 1963లోనే ఆయన గొంతు మూగబోయింది. తర్వాతి కాలమంతా కాగితం మీద రాసి చూపిస్తూ మాట్లాడిన మనిషి. ఆయన మాటలు సుశీల, ఏసుదాసు గొంతుల్లో ఇప్పటికీ పలుకుతున్నాయి.

• ఆ సినిమాకు స్వరాలిచ్చిన రమేశ్ నాయుడు 1987 సెప్టెంబరు 3న చనిపోయారు. ఆయన సంగీతం ఇచ్చిన ‘స్వయంకృషి’ విడుదలైంది ఆ రోజే.

• ఇక కాసెట్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోవద్దు.

కాసెట్‌ను 1963లో లోకానికి చూపించింది ఫిలిప్స్ కంపెనీ. లూ ఒటెన్స్ అనే డచ్ ఇంజనీరు బృందం తయారుచేసింది. లోపలి టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అది తిరిగే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. ‘సిక్స్‌టీ’ కాసెట్ అంటే ఒక్కో వైపు అరగంట. గుణించి చూస్తే దాదాపు 86 మీటర్ల టేపు ఆ అరచేతిలో పట్టే డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. చక్రానికి ఆరు పళ్లు. మామూలు చెక్క పెన్సిల్‌కు ఆరు మూలలు. అందుకే పెన్సిల్ అందులో అంత చక్కగా కూర్చునేది. సెల్స్ అయిపోతాయని మేం రివైండ్ బటన్ నొక్కేవాళ్లం కాదు. పెన్సిల్ దూర్చి గిరగిరా తిప్పేవాళ్లం. మా తమ్ముడికి ఆ పని అప్పగిస్తే అరచేతులు ఎర్రబడేదాకా తిప్పేవాడు.

అప్పట్లో సినిమా మొత్తం కాసెట్ కొనడం ఒక పద్ధతి, రికార్డింగ్ సెంటర్లో కావలసిన పాటలు ఎక్కించుకోవడం ఇంకో పద్ధతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు అలవాటైన ఒక చిన్న రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ టీడీకే కాసెట్, పాటల జాబితా ఇచ్చి వస్తే నాలుగు రోజుల్లో తయారు. జాబితా రాయడమే పెద్ద పని. ఒక్కో పాట నాలుగు నిమిషాలో, నాలుగున్నరో. అరగంటలో ఆరో ఏడో పడతాయి. ఏడోది చరణం మధ్యలో తెగిపోతుందేమోనని భయం. నాన్న ఆ జాబితాలు తక్‌పట్టీల వెనక రాసేవాడు. ముందువైపు రైతు పేరు, బత్తాయి తూకం, ధర, కమీషన్, హమాలీ ఖర్చు. వెనక వైపు ఏ సైడు, బీ సైడు. ఒక తక్‌పట్టీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయన అక్షరాలు గుండ్రంగా, పంక్తి తప్పకుండా ఉంటాయి. ఏ సైడులో అయిదో పాట పక్కన చిన్న నక్షత్రం వేసి రెండు గీతలు కొట్టాడు. అదే ‘సితార’ పాట.

ఇప్పుడు అసలు సంగతి. కాసెట్ వెనక అంచున రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయని మీకు గుర్తుందా? ఒక్కో వైపుకు ఒకటి. ఆ ముక్క ఉన్నంతవరకే దాని మీద కొత్తగా రికార్డు చేయగలం. ముక్క విరిచేస్తే టేప్ రికార్డర్ లోపలి చిన్న మీట ఆ సందులోకి దిగిపోతుంది, దాంతో రికార్డ్ మీట కిందికి నొక్కుకోదు. కొన్న సినిమా కాసెట్లు ఆ ముక్కలు లేకుండానే వచ్చేవి. మళ్లీ రికార్డు చేయాలనిపిస్తే ఆ గుంట మీద టేపు ముక్క అతికిస్తే సరి. రికార్డింగ్ షాపు నుంచి కాసెట్ రాగానే ముక్కలు విరిచెయ్యమని తెలిసినవాళ్లందరూ చెప్పేవారు. నాన్న విరవలేదు. ఎప్పుడైనా పాటలు మార్చుకుంటానేమో అనుకుని ఉంటాడు.

ఆ కాసెట్ మార్కెట్‌లో దుకాణం బల్ల మీద మోగుతుండగా ఎవరి చెయ్యి తగిలిందో, రికార్డ్ మీట పడిపోయింది. టేప్ రికార్డర్‌లో ముందు చెరిపే హెడ్ ఉంటుంది, ఆ వెంటనే రాసే హెడ్. పాత శబ్దం చెరుగుతుంటే, ముందువైపు సన్నని జల్లెడ వెనకున్న మైకు చుట్టూ వినబడేదంతా దాని స్థానంలో ఎక్కిస్తుంది. ఎవరో చూసి ఆపేశారు. పోయింది పదకొండు సెకన్ల పాట. జానకి గొంతు చరణం మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. దాని చోట గడ్డిఅన్నారం మార్కెట్ మోగుతుంది: తోపుడు బండి చక్రాల చప్పుడు, దూరంగా లారీ హారన్, ఎవరిదో దగ్గు. వాటన్నిటి మీద మా నాన్న గొంతు. “నూట పది. నూట పదిహేను. ఇంకెవరన్న ఉన్నరా? ఒకటోసారి... రెండోసారి...” అంతే. మళ్లీ పాట వచ్చేస్తుంది. మూడోసారి ఆ టేపులో లేదు.

ఆ రోజు నాన్న ఎంత బాధపడ్డాడో నాకు గుర్తుంది. ఇంటికొచ్చి కాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు విరిచాడు ఆ రెండు ముక్కలూ. మళ్లీ ఎక్కించుకుందామని అమ్మ అంటే, డబ్బులెందుకు దండగని వదిలేశాడు. ఆయన పోయాక ఆ కాసెట్ విన్నప్పుడు తెలిసింది, మా ఇంట్లో ఆయన గొంతు ఉన్న చోటు అదొక్కటేనని. పెళ్లి వీడియోల్లో ఆయన ఉన్నాడు, కానీ మాట్లాడడు, మీద సన్నాయి వేశారు. పదకొండు సెకన్లను 4.76తో గుణిస్తే 52 సెంటీమీటర్లు. మల్లెపూలవాళ్లు చేత్తో కొలిచే మూర కన్నా కాస్త ఎక్కువ. మా నాన్న గొంతు అంత పొడవుంది.

• రేడియోలో పాటకు ముందు సినిమా పేరు, గీతరచన, సంగీతం, గానం చెప్పేవారు. మర్చిపోకుండా, ప్రతిసారీ. గీతరచయిత వేటూరి పేరు నేను మొదట పుస్తకంలో చదవలేదు, వివిధభారతిలో విన్నాను. అప్పట్లో పోస్టు కార్డు పదిహేను పైసలు. కోరిన పాటతో పాటు మన ఊరు, మన పేరు గాలిలో వినబడితే వీధి వీధంతా చెప్పుకునేవారు. ఇప్పుడు ఫోన్‌లో పాట పెడితే బొమ్మ కనిపిస్తుంది, రాసినవాడి పేరు వెతుక్కోవాలి. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతే మేలని నేను గట్టిగా నమ్ముతాను. పాటను ప్రేమించడం నేర్పింది గాయకులైతే, పాట వెనక ఎంతమంది ఉంటారో నేర్పింది ఆ అనౌన్సర్లు.

• అన్నట్టు వేటూరి సినిమాల్లోకి రాకముందు పత్రికా విలేకరి. ఇచ్చిన గడువులో రాసివ్వడం అక్కడే అలవాటై ఉంటుంది.

• ఎనభైల తెలుగు పాటల్లో ఎక్కువ భాగం పుట్టింది మద్రాసులో. ఒక్కో వాద్యాన్ని విడిగా రికార్డు చేసి అతికించే సౌకర్యం అప్పటికి పెద్దగా లేదు. వయొలిన్లు, తబలా, గిటార్, వేణువు, గాయనీ గాయకులు అంతా ఒకే పూట ఒకే చోట చేరాలి. ఎవరు తప్పినా టేకు మళ్లీ మొదటికి. అందుకే ఆ పాటల్లో ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలిసినట్టుంటుంది. ఇళయరాజా స్వరాలన్నీ స్వయంగా కాగితం మీద రాసి వాద్యకారుల చేతికిచ్చేవారు. ఇక బాలు పని వేగం చూడండి: 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో, సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్ కోసం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు 21 కన్నడ పాటలు పాడారు.

• బాటసింగారానికి పక్కనే రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలైంది, అంటే ఎనభైల పాటలేవీ అక్కడ తీసినవి కావు. కానీ దాన్ని కట్టిన రామోజీరావు నిర్మాతగా మొదలైంది ఎనభైల్లోనే. ఆయన తీసిన రెండు సినిమాల్లో ఒక విశేషం ఉంది. ‘మయూరి’కి, 1985లో, సంగీత దర్శకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ‘మౌన పోరాటం’కు, 1989లో, సంగీత దర్శకురాలు ఎస్.జానకి. పాడే ఇద్దరిచేత స్వరాలు కట్టించిన సంస్థ ఒకటే. ‘మయూరి’ ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలుతో మళ్లీ వేదికెక్కిన నర్తకి సుధా చంద్రన్ జీవితం. తెర మీద నటించిందీ ఆమే. ఒక నిజమైన మనిషి తిరిగి అడుగు వేయడం నేర్చుకున్న కథకు బాలు తాళం వేశారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అదే సంస్థ 1990లో ‘మనసు మమత’ సినిమాకు ఒక కొత్త కుర్రాడికి అవకాశమిచ్చింది. ఎనభైల చివర్లో సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఎం.ఎం.కీరవాణి. 2023లో ఆస్కార్ అందుకున్నది ఆయనే. ఇలాంటిదే ఇంకోటి: రాజ్-కోటి జంట పాటలకు కీబోర్డు వాయించిన దిలీప్ అనే అబ్బాయిని ఇప్పుడు మనం ఎ.ఆర్.రహమాన్ అంటున్నాం. రాజ్ తండ్రి టి.వి.రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఎనభైలను విడిగా ఒక దశాబ్దంగా చూస్తాం గానీ, దాని వెనక వైపు యాభైలు, ముందు వైపు రెండువేలు చేతులు పట్టుకునే ఉన్నాయి.

• పాట వింటుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి కదా, అప్పుడు మెదడులో ఏం జరుగుతుందో 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచి చూశారు. బాగా ఇష్టమైన సంగీతం విన్నప్పుడు డోపమైన్ విడుదలవుతుంది. ఆశ్చర్యమేమిటంటే అది రెండుసార్లు, రెండు చోట్ల. ఆ గొప్ప ఘట్టం వచ్చినప్పుడు ఒకసారి. అది రాబోతోందని తెలిసి ఎదురుచూస్తున్నప్పుడు మెదడులో ఇంకో భాగంలో మరోసారి. అంటే పాటలో మనకిష్టమైన చోటు రాకముందే శరీరం దానికి ఎదురెళ్లి నిలబడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మా కాసెట్ గుర్తొచ్చింది. ‘సితార’ పాట నేను ఎక్కడ విన్నా, పెళ్లిలో గానీ, మెట్రోలో పక్కవాళ్ల ఫోన్‌లో గానీ, చరణం ఆ చోటికి రాబోతుంటే నా ఊపిరి కాస్త ఆగుతుంది. లోకమంతా జానకి కోసం వింటారు. నేను ఆమె ఆగిపోయే చోటు కోసం వింటాను. ఆమె ఆగదు, పాడుతూ ముందుకెళ్తుంది. పాట నిండుగా ఉంటుంది, నాకు మాత్రం పదకొండు సెకన్లు తక్కువ పడినట్టుంటుంది.

• మనిషికి జీవితాంతం గుర్తుండే పాటలు సాధారణంగా పదేళ్ల నుంచి ఇరవై అయిదేళ్ల వయసు మధ్య విన్నవే. ఇది మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్న మాట. దీనికి 2013లో ఒక కొత్త తోక చేరింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్యారల్ క్రుమ్‌హాన్సల్, మరో పరిశోధకుడు జస్టిన్ జుప్నిక్ కలిసి సుమారు ఇరవై ఏళ్ల విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్ పాటలు వినిపించి చూశారు. తమ కాలపు పాటలు ఎక్కువ గుర్తుపట్టారు, అందులో వింత లేదు. కానీ ఎనభైల తొలినాటి పాటల దగ్గర ఇంకో మిట్ట కనిపించింది. ఆ పిల్లల అమ్మానాన్నలు ఇరవైల్లో ఉన్న కాలమది. ఇంట్లో, కారులో, వంటగదిలో పెద్దవాళ్లు పెట్టుకున్న పాటలు పిల్లలకు తెలియకుండానే అంటుకున్నాయి. ఆస్తి పంపకం కాగితాల్లో రాయని వాటా అది.

అందుకే బాటసింగారంలో ఆ డ్రైవర్ అబ్బాయిని చూసి నేను వింతపడలేదు. ఊరికే అడిగాను, ఈ పాటలు నీకెలా తెలుసని. “మా నాయిన పాటలక్కా. లారీ నడిపేటోడు. చిన్నప్పట్నుంచి ఇవే ఇనుకుంట పెరిగిన” అన్నాడు. కొల్లాపూర్ నుంచి రాత్రి బయల్దేరి వచ్చాడట. నిద్ర రాకుండా ఈ పాటలే పెట్టుకుంటాడట. “కొత్తవి పెడ్తే ఉషారుంటది గని, ఇవైతే ఎవరో పక్క సీట్ల కూసున్నట్టుంటది” అన్నాడు. ఇంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

డ్యాష్‌బోర్డు మీద పెన్‌డ్రైవ్, దానికి కట్టిన ఎర్రదారం, పక్కన అమ్మవారి చిన్న ఫొటో. అద్దంలో వెనక కుప్పల మీద పడుతున్న ట్యూబ్‌లైటు వెలుగు. వాళ్ల నాన్న ఎక్కడున్నాడని అడగబోయి మానుకున్నాను. అతను కూడా నన్నేమీ అడగలేదు. ఇద్దరం పాట వింటూ ఉన్నాం. పల్లవి అయింది, వేణువు వెళ్లింది, చరణం మొదలైంది. నాకు తెలిసిన ఆ చోటు దగ్గరపడుతోంది. ఇంకో రెండు మాటలు, ఒక గమకం.

అప్పుడే కిందనుంచి ఎవరో డీసీఎం తలుపు మీద తట్టారు. “రా, నీ కుప్ప పాటకొచ్చింది.” అబ్బాయి చెయ్యి చాపి పాట ఆపేశాడు. క్యాబిన్‌లోంచి దూకి, చెప్పులు సరిచేసుకుని గుంపు వైపు పరుగెత్తాడు. బేనిషాన్ కుప్ప చుట్టూ పదిమంది. మధ్యలో గుమస్తా, చేతిలో పద్దుపుస్తకం, చెవి మీద పెన్ను. రేటు పెరుగుతూ పోయి ఒకచోట ఆగింది. గుమస్తా తలెత్తి చుట్టూ చూశాడు. సరుకు ఎత్తించుకున్నాం, పోదాం పదమని తమ్ముడు దూరం నుంచి పిలుస్తున్నాడు. ఒక్క నిమిషం అన్నట్టు వాడికి చెయ్యి చూపించాను.

ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను.